ఆ రాత్రి పడవలో నా భుజం తట్టిందెవరు?

మా నాన్న మగ్గం మీద చెయ్యేసి చెబుతున్నాను. నేతగాడి కొడుకు మగ్గం మీద ఒట్టేసి అబద్ధమాడడు. నవ్వేవాళ్లు నవ్వుకోండి... కానీ మొత్తం విన్నాక నవ్వండి. ఇది ఎవరికో జరిగింది కాదు. నాకు జరిగింది. ఇదిగో, ఈ భుజాలకు జరిగింది.

మాది గద్వాల. ఇంట్లో అందరూ చీరలు నేస్తారు. నేనొక్కణ్నే ఇంజన్ల వెంట పడ్డాను. ఇప్పుడు వరదల్లో జనాన్ని గట్టెక్కించే దళంలో పడవ నడుపుతాను.

మా పడవకు నలుగురం. మా పెద్ద బాలస్వామి సార్. తెలకపల్లి మనిషి. సైన్యంలో ఉన్నప్పుడు సరిహద్దు నీళ్ల మీద చిన్న గస్తీ పడవల్లో ఏళ్ల తరబడి తిరిగాడు. రిటైరై వచ్చాక మాకు పని నేర్పింది ఆయనే. మొదటి రోజే చెప్పాడు.

"పడవల నలుగురు ఉండరుర. ఒక్కడే ఉంటడు. వానికి రెండు కండ్లు, ఒక చెయ్యి, ఒక తలకాయ. గంతే."

కళ్లు ఇద్దరు. ముందు కొసన పెద్ద లైటు పట్టుకుని మద్దిలేటి. అతనిది అలంపూర్. అతని పక్కన పొడవాటి వెదురు గెడతో ఏసన్న. కొట్టుకొచ్చే దుంగలను, ముళ్లకంపను గెడతో నెట్టేది అతనే. చెయ్యి నేను. పడవ మధ్యలో స్టీరింగ్ దగ్గర నిలబడతాను. తలకాయ సార్. నా వెనకాలే నిలబడతాడు.

ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని సైన్యంలో వాళ్లు చేసినట్టే మాకూ అలవాటు చేశాడు. సార్ చేతులు నా భుజాల మీద ఉంటాయి. కుడి భుజం తడితే కుడికి తిప్పాలి. ఎడమ తడితే ఎడమకు. రెండూ కలిపి గట్టిగా నొక్కితే... ఆపాలి. ఎందుకని అడగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. అందిన సైగను గట్టిగా అరిచి చెప్పాలి. "కుడి సార్." "ఎడమ సార్." అలా అంటేనే నాకు అర్థమైందని ఆయనకు తెలిసేది.

"నువ్వు ఎనక్కి జూసే లోపట ముందల చెట్టుంటది నర్సిములూ" అనేవాడు.

రోజూ అదే సాధన. చివరికి ఆ చేతుల బరువు నాకు ఎంత అలవాటైందంటే, అన్నం తినేటప్పుడు కూడా భుజాలు ఖాళీగా అనిపించేవి.

మొన్నటి వానాకాలం. పైన గేట్లు ఎత్తారు. కృష్ణ ఒడ్లు దాటి పొలాల్లోకి వచ్చేసింది. చీకటి పడే వేళకు ఫోను వచ్చింది. నది మధ్యలో ఒక గడ్డ ఉంది. రెండు పాయల నడుమ మిగిలిన మెరక నేలను మావైపు గడ్డ అంటారు. అక్కడ గొర్లమంద మేపుకుంటూ మొగుడూ పెళ్లాం చిక్కుకుపోయారు. పెళ్లాం పేరు జమ్ములమ్మ. ఆమెకు కాలి మీద పురుగు ముట్టింది. మావైపు రాత్రిపూట పాము అనరు... పురుగు అంటారు.

పోవడం కష్టం కాలేదు. ఇంకా కాస్త వెలుగుంది. సార్ చేతులు నా భుజాల మీద ఉన్నాయి. తట్టినప్పుడు తిప్పాను. గడ్డకు చేరేసరికి చీకటి పడిపోయింది. వాన మొదలైంది.

మద్దిలేటి లైటు వేశాడు. ముందు గొర్ల కళ్లు కనపడ్డాయి. ఎన్నో కళ్లు... పచ్చగా మెరుస్తూ. ఆ వెనక మొగుడు తిమ్మప్ప, పెళ్లాన్ని చేతుల్లో ఎత్తుకుని మోకాటిలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చాడు.

"సారూ... మాట పడిపోతుంది సారూ! కండ్లు మూతలు పడుతున్నయ్. జర బిరాన తీస్కపోండ్రి!"

"పండవెట్టు. ముందల పండవెట్టు. నువ్వు గూడ ఎక్కు" అన్నాడు సార్.

సరిగ్గా అప్పుడే ఇంజను దగ్గింది. ఆగిపోయింది. పడవ వెనక్కి పోయి ఇంజను మీద వంగాను. గడ్డీ గాదమూ చుట్టుకుంది. చేత్తో పీకేశాను. తాడు లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. గుర్రుమంది. వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాను. ముందు వైపు పడవ అడుగున జమ్ములమ్మ పడుకుని ఉంది, ముఖం నావైపు తిప్పి. ఆమె తల ఒళ్లో పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. వాన పడకుండా ఇద్దరి మీదుగా గొంగడి కప్పి ఉంది. తిమ్మప్ప అనుకున్నాను.

నా భుజాల మీద చేతులు పడ్డాయి.

పడవ కదిలింది.

ఇక ఆ వాన గురించి ఏం చెప్పను. లైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. అంతే. ఆ గోడ వెనక ఏముందో తెలియదు. కింద ఉన్నది నది కాదు, మునిగిన పొలాలు. మోటర్ల దగ్గరి కరెంటు స్తంభాలు, తుమ్మచెట్లు, బోర్ల పైపులు... అన్నీ నీళ్ల కిందా, నీళ్ల అంచునా ఉన్నాయి. దేనికి కొట్టుకున్నా పడవ తిరగబడేది.

కుడి భుజం మీద... టప్.

"కుడి సార్!"

తిప్పాను. ఎడమ పక్కన ఒక తుమ్మకొమ్మ పడవను గీసుకుంటూ పోయింది. కర్ర్ర్... ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఎడమ మీద... టప్.

"ఎడమ సార్!"

తిప్పాను. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. నాకు భయం తగ్గింది. నిజం. ఇంత వానలో సారుకు ఎలా కనిపిస్తోందో కానీ, కనిపిస్తోంది కదా అనుకున్నాను. ఒక్క సంగతి మాత్రం వింతగా తోచింది. ఆ చేతులు చల్లగా లేవు. ఒళ్లంతా తడిసి నేను వణికిపోతున్నాను... ఆ చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి. పొయ్యి దగ్గర కాచుకుని వచ్చినట్టు.

అంతలో రెండు భుజాలూ ఒకేసారి... గట్టిగా... ఎముక నొప్పి పుట్టేలా నొక్కేశాయి.

ఆపు!

ఆపేశాను. "ఆపిన సార్!" అని అరిచాను. ఏసన్న గెడను అడుక్కు దించి, దాని మీద పడి పడవను నిలబెట్టాడు. ముందు కొసన మద్దిలేటి లైటు పైకెత్తాడు. అప్పుడు కనిపించింది.

వంగిపోయిన స్తంభం. దాని నుంచి నీళ్ల మీదుగా సాగిన కరెంటు తీగలు. సరిగ్గా మా మెడల ఎత్తులో. ఇంకొక్క పడవ పొడవు పోయి ఉంటే... మద్దిలేటి తల ముందు పోయేది. తరవాత నాది.

వాన చప్పుడు... ఇంజను గుడగుడ... అంతే. భుజాల మీద పట్టు మెల్లగా వదులైంది. కుడి మీద తట్టింది. వెనక్కి తీసి, కుడికి తిప్పి, ఆ తీగలను చుట్టేసి పోయాను.

ఒడ్డున అంబులెన్సు ఎర్రలైటు కనిపించగానే నాకు ఏడుపొచ్చింది. పడవ బురదకు తగిలింది. ఇంజను ఆపాను. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! వెనక్కి తిరుగుతూ అన్నాను.

"సార్... మీరు లేకుంటే ఇయ్యాల..."

వెనక ఎవరూ లేరు.

పెట్రోల్ డబ్బా ఉంది. ఇంజను ఉంది. దాని వెనక నీళ్లున్నాయి. అంతే.

సార్ నీళ్లలో పడిపోయాడనుకున్నాను. ముందుగా ఆ భయమే. "సార్!" అని అరిచాననుకున్నాను... గాలి మాత్రం వచ్చింది. అప్పుడు ముందు వైపు నుంచి గొంతు వినిపించింది.

"ఏందిర? ఇట్ల రా. కాళ్లు పట్టు, బిరాన."

గొంగడి తొలగింది. జమ్ములమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది... బాలస్వామి సార్.

నేను కదల్లేదు. కదల్లేకపోయాను. మద్దిలేటి, ఏసన్న ఆమెను ఎత్తి అంబులెన్సులోకి చేర్చారు. నేను స్టీరింగ్ పట్టుకునే ఉన్నాను. సార్ వచ్చి నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు.

"తిమ్మప్ప యాడ?" అన్నాను.

"వాడు రాలే గద. గొర్లను ఇడ్సిపెట్టి రానని నిలవడ్డడు. ఆమెకు శ్వాస ఆడ్తలేదు. మెడ తిప్పి పట్టకుంటే నాలిక ఎనక్కి పోతుండె. అందుకే నేను ముందల కూసున్న."

"నాకు చెప్పలే సార్ మీరు."

"చెప్పిన. 'నర్సిములూ, నువ్వే జూస్కొని నడుపు' అని చెప్పిన. నువ్వు 'సరే సార్' అన్నవ్."

నేను అనలేదు. అమ్మతోడు, నేను అనలేదు. ఆ సమయానికి నా తల ఇంజను మీద ఉంది. నాకు ఏ మాటా వినపడలేదు.

మద్దిలేటి తిరిగి వచ్చాడు. వాడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అన్నా... తీగలు నాకే కానరాలే. లైటు నా చేతుల ఉండె. నీకెట్ల కనవడ్డయ్ అన్నా?"

చెప్పాను. జరిగింది జరిగినట్టు. తట్టింది, నొక్కింది, చేతుల వెచ్చదనం... అంతా. ఏసన్న గబుక్కున మెడలోని శిలువను పిడికిట్లో పట్టుకున్నాడు. సార్ నీళ్లవైపు చూశాడు.

"ఆ తీగల కాడ కుడికి తిప్పినవ్ గద?"

"మీరు... కుడి తట్టింది గద సార్."

"నేనైతే ఎడమ తడ్తుంటి" అన్నాడు. "పొయ్యేటప్పుడు ఆ పక్కకెల్లే పోయినం. అటే దారి అనుకుంటుంటి."

తెల్లారాక పోయి చూశాం. స్తంభం ఎడమవైపుకే ఒరిగి ఉంది. తీగలు అటువైపు నీళ్లలో మునిగి ఉన్నాయి. వాటిలో అప్పటికి కరెంటు ఉందో లేదో నాకు తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

జమ్ములమ్మ బతికింది. చూడ్డానికి గద్వాల దవాఖానకు పోయాను. నిజం చెబుతున్నాను, పరామర్శకు మాత్రమే కాదు. ఆమె దారంతా నా వైపే ముఖం పెట్టి పడుకుంది. స్టీరింగ్ దగ్గరి డయల్ వెలుగు నా మీద పడుతూనే ఉంది. ఆమెకు కనిపించి ఉంటుంది... ఎవరైనా ఉంటే.

తిమ్మప్ప మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గొర్లు బతికినయ్ అన్నా. ఈమె బతికింది. మాకింకేం గావాలె."

నేను జమ్ములమ్మ దగ్గరికి వంగాను. "అక్కా, ఆ రాత్రి... నా ఎనక ఎవరన్న కనవడ్డరా?"

ఆమె మొగుడి వైపు చూసింది.

"ఎవ్వరు లేరు అన్నా. నిన్నే జూసుకుంట పన్న. కండ్లు మూస్తే పోతనని భయం. నువ్వొక్కనివే. కుడి సార్ అంటుంటివి, ఎడమ సార్ అంటుంటివి. సారేమో నా తలకాయ పట్టుకొని ఈడ కూసున్నడు. మరి ఈ అన్న ఎవర్తోని మాట్లాడుతుండని..."

చేత్తో నా భుజం చూపించింది.

"నీ అంగీ మాత్రం..." అంది.

"ఏమైంది అంగీ?"

"భుజాల కాడ అంగీ నొక్కుకపోతుండె అన్నా. లోపలికి. ఎవరో పట్టినట్లు."

మళ్లీ ఏమీ అడగలేదు. బయటికొచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఆలోచించి చూశాను. తడిసిన అంగీ గాలికి కొట్టుకుందేమో అనుకున్నాను. గాలికి కుడేదో ఎడమేదో తెలుస్తుందా? రోజూ చేసిన సాధన ఒంట్లో ఉండిపోయి, నా ఒళ్లే నన్ను తట్టిందేమో అనుకున్నాను. మరి లైటు పట్టుకున్నవాడికే కనపడని తీగ నా ఒంటికెలా కనపడింది? ఆ నదిలో పోయినవాళ్లు చాలామంది ఉన్నారని ఏసన్న అంటాడు. మద్దిలేటి ఆ ఊసే ఎత్తనివ్వడు.

ఆ తరవాత కూడా వరదలొచ్చాయి. పడవ నడిపాను. సార్ నా వెనకే నిలబడుతున్నాడు. తట్టే ముందు ఇప్పుడు నా చెవి దగ్గర "నేనే" అంటున్నాడు. ఎవరూ చెప్పలేదు. తనంతట తనే మొదలుపెట్టాడు.

ఒకరోజు పడవ కడుగుతూ అడిగేశాను.

"సార్, మీరు 'నేనే' అనకుండ... గట్ల మళ్ల తట్టిందనుకో. తిప్పాల్నా, వద్దా?"

బాలస్వామి సార్ చేతిలోని బక్కెట్టు కింద పెట్టాడు. నీళ్లవైపు చూశాడు. నా వైపు చూశాడు.

"తెల్వదు నర్సిములూ" అన్నాడు చివరికి. "గదొక్కటి నన్ను అడగకు."