పామాయిల్ జనరేటరు, పెందుర్తి పెళ్ళి

కిందటేడు డిసెంబరులో మా మావయ్య నన్ను మొదటిసారి ఒక్కదాన్నే జనరేటరుతో పంపాడు, పెందుర్తిలో చర్చి పెళ్ళికి. కూర్మన్నపాలెంలో ఆయనది జనరేటర్లు అద్దెకిచ్చే షాపు. పది తప్పి అందులో చేరాను. ఇప్పుడు మానేశాను గానీ, ఆ పెళ్ళి మాత్రం చెప్పాలి.

"పెళ్ళి చీకట్లో జరిగిందనుకో, మల్లీ షాపు గడప తొక్కనివ్వను గుంటా," అన్నాడు వ్యాను ఎక్కిస్తూ.

ఆ జనరేటరుకి రెండు ట్యాంకులు. చిన్నదాంట్లో డీజిల్. పెద్దదాంట్లో హోటళ్ళలో బజ్జీలు వేయగా మిగిలిన పామాయిల్, కాచి వడగట్టింది. నూనె చిక్కన, చల్లగా ఉంటే ఇంజన్లో సరిగ్గా చిమ్మదు. అందుకే డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక వాల్వు నూనెకి తిప్పాలి. ఆపేముందు మళ్ళీ డీజిల్‌కి తిప్పి కాసేపు నడిపితే పైపుల్లో మిగిలిన నూనె ఖాళీ అవుతుంది, లేకపోతే చలికి పేరుకుంటుంది.

ముందురోజు సాయంత్రం కరెంటు పోతే బ్రహ్మాండంగా నడిచింది. పొగంతా బజ్జీల వాసనే.

"ఎక్కడేత్తన్నారమ్మా బజ్జీలు?" అంటూ ఒక ముసలమ్మ జనరేటరు చుట్టూ తిరిగింది.

ఇంతలో ప్రార్థన మొదలవుతోందని సంఘపెద్ద సామేలు గారు వచ్చి, నేను వాల్వు అందుకునేలోపే స్టాప్ లివరు లాగేశారు.

"అయ్యో పెద్దయ్యా, డీజిల్‌కి తిప్పాల!"

"ఉష్... పార్థన," అని కళ్ళు మూసుకున్నారు.

ప్రార్థన అయ్యాక స్టార్ట్ చేస్తానంటే, కరెంటొచ్చిందిగా, పొద్దున చూద్దువులే అన్నారు.

పొద్దున మంచు. సరిగ్గా పెళ్ళికూతురి మేకప్ సగంలో ఉండగా కరెంటు పోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను గరగరమని ఊరుకుంది. ఫిల్టరు విప్పితే నూనె నెయ్యిలా పేరుకుని ఉంది. షాపు గడప కళ్ళముందు కదిలింది. వంటల దగ్గరికి పరుగెత్తాను.

"బాబాయ్, ఏడినీల్లు!"

"టీలోకా, తానానికా?"

"ఇంజన్‌కి!"

"దానిక్కూడా తానమేటి? పెళ్ళి కదా మరి!" అంటూ వంటాయన బకెట్టు నింపాడు.

పైపులకి గుడ్డలు చుట్టి వేడినీళ్ళు పోశాను. నూనె కరిగింది. ఫిల్టరు కడిగి, వాల్వు డీజిల్‌కి తిప్పి, ఇంజన్‌కున్న చిన్న చేతిపంపుతో పైపుల్లో గాలి తీసి సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. లైట్లు వెలిగాయి. సామేలు గారు మైకు పట్టుకుని నావైపు చూశారు.

"ఇప్పుడు పార్థన సేసుకోవచ్చేటమ్మా?"

"సేసుకోండి పెద్దయ్యా. ఆపీటప్పుడు మాత్రం నన్ను పిలండి."

తర్వాత షాపులో విప్పి చూస్తే నూనె చిమ్మే ఇంజెక్టర్ మొనకి మసి గట్టిగా పట్టేసి ఉంది. మావయ్య చలికాలంలో నూనె పోయడం మానేశాడు. నన్ను పంపడం మానలేదు. బజ్జీ నూనెతో ఇంజను నడుస్తుంది, కానీ మొదలుకీ చివరకీ డీజిల్ ఉండాలి. నేనైతే ఆ తర్వాత ఏ చర్చికి వెళ్ళినా, జనరేటరు దించకముందే ప్రార్థన ఎప్పుడో అడిగేదాన్ని.