ముందు ఎక్కాల్సిన సంచి

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, మందపాటి గోడల మధ్య మూడు గదులకు పెద్ద నర్సు ఆవిడ. అసలు పేరు రిజిస్టరులో ఉంటుంది. అందరూ పిలిచేది కుంపటక్క అని. ముక్కు మీద కోపం. ఆవిడ వస్తుందంటే బల్ల మీది టీ కప్పులు ముందే మాయమైపోతాయని ఆయా నవ్వుతూ చెబుతుంది, అదీ ఆవిడ వెళ్ళిపోయాకే.

ఆ కోపానికి పుట్టిల్లు తమ్ముడు. నడుం నొప్పికి మాత్రలు రాసిన డాక్టరు "ఎక్కువ మింగకు" అన్నాడే గానీ, కిడ్నీలు పోతాయని చెప్పలేదు. పిల్లాడు నొప్పి వచ్చినప్పుడల్లా మింగాడు. వారానికి మూడుసార్లు రక్తం కడిగే యంత్రానికి అతుక్కుని, ముప్పై నిండకుండానే పోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆ డాక్టరును తిట్టని రోజు లేదు. "ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాడు" అంటుంది.

ఆ రోజు మొదటి గదిలో టైలరు ఉన్నాడు. కడుపులో పుట్టిన గడ్డ కాలేయానికి పాకింది. ఒక కిడ్నీ రాళ్ళతో ఎప్పుడో పాడై తీసేశారు, మిగిలింది ఒకటే. గడ్డను వెతుక్కుంటూ వెళ్ళి కాల్చే రేడియేషన్ మందు రెండో డోసు ఇవాళ. దానికి అరగంట ముందే అమైనో ఆమ్లాల సంచి ఎక్కించడం మొదలుపెట్టాలి, మందు ఎక్కాక కూడా గంటల తరబడి సాగాలి. కిడ్నీని కాచేది ఆ సంచే. కుంపటక్క సంచి మీద ప్లాస్టరు అంటించి, ఎప్పటికి ఎంత దిగాలో పెన్నుతో గీతలు గీసింది.

అరగంటకు వచ్చి చూస్తే మొదటి గీత దాకా కూడా దిగలేదు. గొట్టం మీది చక్రం దాదాపు బిగించి ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గుమ్మంలో తుడుస్తున్న ఆయా మీద విరుచుకుపడింది.

"నువ్వేనా తిప్పింది? చేతులు ఊరికే ఉండవా నీకు?"

"నేను నేల తుడుస్తున్నానక్కా, సంచి తుడవలేదు" అంది ఆయా, ఏడుపు దిగమింగుకుంటూ.

అంతలో పెద్ద డాక్టరు రేడియేషన్ మందున్న సీసపు పెట్టెను బండి మీద పెట్టుకుని వచ్చాడు. సంగతి విని చేతి గడియారం చూసుకున్నాడు.

"చక్రం పూర్తిగా వదులు చెయ్. మొదలుపెట్టేద్దాం. ఇంకా ఇద్దరున్నారు."

"సంచి ఎక్కలేదు సార్. ఈయనకు ఒక్కటే కిడ్నీ."

"డాక్టరు నువ్వా, నేనా?"

"మీరే సార్. అందుకే కేసు షీటులో మీ చేత్తోనే రాయండి, సంచి ఎక్కలేదని తెలిసీ మందు ఇచ్చానని. ఇదిగో పెన్ను."

పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది. డాక్టరు తీసుకోలేదు. "రెండో గది ముందు చేద్దాం" అని గొణిగి బండి తిప్పాడు. కుంపటక్క పెన్ను జేబులో పెట్టుకుంది. గెలిచిన సంతోషం ఒక్క రవ్వ కూడా లేదు. అరగంట తప్పితే ఆ మనిషి గతేమిటని అడగని డాక్టరును పీక పిసకాలనిపించింది.

అప్పుడు మంచం పక్క నుంచి టైలరు భార్య లేచింది. షాపులో కాజాలు కుట్టేది ఆమే. వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గరుకు తేలి ఉన్నాయి.

"ఆయమ్మను తిట్టకండి. తిప్పింది నేను."

"బుద్ధుందా? పోయినసారే చెప్పానా ముట్టుకోవద్దని!"

"చెప్పారు. ఆ నీళ్ళు ఎక్కుతుంటే ఆయన పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాడు. అప్పుడు మీరే వచ్చి కొంచెం తిప్పారు, తెరిపిన పడ్డాడు. చూసి నేర్చుకున్నాను." ఆమె గొంతు పెరిగింది. "ముట్టుకోవద్దన్నారు గానీ ఎందుకో చెప్పారా? తెలిస్తే నా మొగుణ్ణి నేనే చంపుకుంటానా?"

 ఇరవై రెండేళ్ళు కుంపటక్క ఎవణ్ణి తిట్టిందో వాడు వచ్చి తన తెల్లబట్టల్లో నిలబడ్డట్టయింది. తన మీద తనకు పుట్టిన కోపం ముందు డాక్టరు మీద కోపం ఏపాటిది. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"కాజాలు కుడతావు కదా, విను. గడ్డ ఒంటినిండా కాజాలున్నాయనుకో. రిసెప్టర్లంటాం. వాటికి సరిపోయే గుండీ ఈ మందు, పెప్టైడ్ అంటాం. మొదట స్కాన్‌లో ఆ గుండీకి దీపం కట్టి పంపారు, గడ్డ ఎక్కడెక్కడుందో తెలిసింది. ఇప్పుడు నిప్పు కట్టి పంపుతున్నారు."

"మరి ఈ నీళ్ళు?"

"కిడ్నీ వదులు కాజా లాంటిది. వచ్చిన గుండీనల్లా పట్టేసుకుంటుంది. నిప్పున్నదాన్ని పట్టుకుంటే కాలిపోతుంది. అందుకని ముందే మామూలు గుండీలు బోలెడు పంపి దాన్ని నింపేస్తాం. అప్పుడు నిప్పు గుండీ చాలావరకు పట్టు దొరక్క ఒంట్లోంచి పోతుంది. వాంతులు ఈ మామూలు గుండీల వల్లే."

"ఇంతేనా? ఈ మాట మొదటిరోజే చెప్పలేకపోయారా?" అంది భార్య. ఆమె కోపం తగ్గలేదు. తగ్గాల్సిన పనీ లేదు.

"తప్పే తల్లీ" అంది కుంపటక్క. ఆ ఆసుపత్రిలో ఆవిడ నోట ఆ మాట ఎవరూ విని ఉండరు. గుమ్మంలో ఆయా తుడవడం ఆపి చూసింది. "నీ విషయంలోనూ తప్పే" అంది కుంపటక్క అటు తిరిగి, కటువుగానే.

వాంతి తగ్గే సూది ఇంకోటి వేయించి చక్రం వదులు చేసింది. పావుగంటకల్లా టైలరుకు వాంతులు మొదలయ్యాయి. భార్య ఒక చేత్తో బేసిన్, ఒక చేత్తో అతని నుదురు పట్టుకుంది.

"ఆపవే... నీ కాళ్ళు మొక్కుతా, కొంచెం తిప్పు" అన్నాడు.

ఆమె చక్రం వంక చూసింది. తర్వాత సంచి మీది గీతల వంక చూసింది.

"తిప్పను" అంది ఏడుస్తూ. "కాజాలు నిండనీ."