ఐదు వోల్టుల బెంగ

ప్రెస్సులో అందరూ ఆయన్ని కామాగారు అనేవారు. ప్రూఫులు దిద్దడం ఆయన పని. ఏ పేజీనీ ఒక్కసారి చూసి వదిలేవాడు కాదు. ఇంటికి తాళం వేస్తే మూడుసార్లు లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, నాలుగోసారి లాగడానికి వెనక్కి వచ్చేవాడు. "ఈయన దగ్గర ఫుల్‌స్టాప్ దొరకదు" అని కంపోజింగ్ ఆవిడ నవ్వేది. అలాంటి మనిషికి నలభై రెండో ఏట కూతురు పుట్టింది. ఇక బెంగకు లోటేముంది!

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఆమె వినికిడి పూర్తిగా పోయింది. మాట పోలేదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సంగతి పట్టేస్తుంది. ముందు గదిలో కుట్టుమిషను, గుడ్డముక్కలు, గుండుసూదులు. అందుకని ఉయ్యాల లోపలి గదిలో వేశారు. మరి పిల్ల ఏడిస్తే తల్లికి తెలిసేదెలా?

దారి చూపించింది ఆమె అక్క. కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. పేకముక్కంత కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చి, దానికి మైకు తగిలించి, ఉయ్యాల దగ్గర గోడకు బిగించింది. పిల్ల ఏడుపు వినపడగానే అది కుట్టుమిషను ఎదురుగా ఒక దీపం వెలిగిస్తుంది. కరెంటుకి ఇంట్లో మూలపడి ఉన్న పాత ఫోన్ ఛార్జర్ పెట్టారు. రెండు నెలలు ఏ చిక్కూ లేకుండా గడిచింది.

"పట్టపగలు ఆ మిణుకు కనపడుతుందా వదినా? పెద్ద దీపం పెట్టండి" అని పట్టుబట్టింది ఆయనే. ఆవిడ పెట్టింది. పెట్టి, వారం రోజులు ట్రైనింగ్ ఉందని వేరే ఊరు వెళ్ళింది.

మూడో రోజు మధ్యాహ్నం కళ్ళజోడు మర్చిపోయి ఆయన ఇంటికి వచ్చాడు. మెట్ల దగ్గరే ఏడుపు వినపడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. పరిగెత్తి తలుపు తోశాడు. భార్య తల వంచుకుని చొక్కాకి కాలరు కుడుతోంది. ఎదురుగా దీపం వెలగలేదు. లోపల పిల్ల మొహం కందగడ్డలా ఉంది. దుప్పటి అంచు మెడకింద ముడతపడి బిగుసుకుంటోంది. దుప్పటి లాగేసి పిల్లని చేతుల్లోకి తీసుకున్నాడు.

ఆయన వెనకే వచ్చిన భార్య పిల్లని చూసి తెల్లబోయింది.

"చూస్తూనే ఉన్నానండీ. వెలగలేదు. ఒట్టు, వెలగలేదు."

ఆయన వదినకి ఫోన్ చేశాడు.

"మైకు ముందు ఏడుపు చప్పుడు చేసి చూడండి మరిదిగారూ" అందావిడ.

పిల్ల అప్పటికి తల్లి ఒళ్ళో నిద్రపోయింది. చేసేదేం లేక కామాగారే మైకు ముందు వంగి "క్యార్" మన్నాడు. పెదవులు చూసిన భార్యకి అంత దిగుల్లోనూ నవ్వాగలేదు. దీపం తళుక్కుమని ఆరిపోయింది. బోర్డు మీది చిన్న లైటు కూడా ఆరింది. నిమిషం తర్వాత అది మళ్ళీ మేలుకుంది. మళ్ళీ "క్యార్" మన్నాడు. మళ్ళీ అంతే.

"ఛార్జర్ చాలట్లేదు" అంది వదిన. "పెద్ద దీపం ఎక్కువ కరెంటు లాగుతుంది. అది ఇవ్వలేక చతికిలపడుతోంది. బోర్డు ఆగిపోయి మళ్ళీ మొదట్నుంచి మొదలవుతోంది."

"అంటే, పిల్ల ఏడ్చినప్పుడే ఆగిపోతోందా?"

"ఏడ్చినప్పుడే. నేనే చూసుకోవాల్సింది. రాసుకోండి. ఐదు వోల్టులు. అంతకు మించితే బోర్డు మాడిపోతుంది. ఆంపియర్లు మూడు. అవి ఎక్కువున్నా ఫర్వాలేదు, బోర్డు తనకి కావాల్సినంతే తీసుకుంటుంది. మంచి రకం అడాప్టర్ చూసి తీసుకోండి, అది పిల్ల ఉండే గదిలో ఉంటుంది."

ఆ ఆఖరి మాట ఆయన గుండెల్లో గుచ్చుకుంది. పెద్ద దీపం కావాలన్నది తను. పిల్లని ఏడిపించింది తన బెంగే. ఇప్పుడు మళ్ళీ తనే ఎంచుకోవాలి. తక్కువైతే ఆగిపోతుంది, ఎక్కువైతే మాడిపోతుంది, నాసిరకమైతే ఉయ్యాల పక్కనే నిప్పు.

మర్నాడు సెలవు పెట్టి బజారుకెళ్ళాడు. మొదటి షాపాయన అడాప్టర్ ఒకటి తీసి, కామాగారు చూపించిన బోర్డు ఫొటో పక్కన పెట్టాడు.

"పిన్ను సరిగ్గా దూరుతుంది సార్, తీసుకెళ్ళండి."

వెనక చీటీ చూస్తే పన్నెండు వోల్టులు.

"ఇది పన్నెండండీ!"

"ఎక్కువైతే మంచిదే కదా సార్?"

కామాగారు రెండడుగులు వెనక్కి వేశాడు.

రెండో షాపులో మూడు ఆంపియర్లదని చెప్పి ఒకటి ఇచ్చారు. అరచేతిలో పెట్టుకుంటే ఉత్త డొల్లలా తేలిగ్గా ఉంది. అలవాటు కొద్దీ చీటీలో అక్షరాలన్నీ చదివాడు. అవుట్‌పుట్ అన్న మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. తయారుచేసినవాళ్ళ పేరు లేదు. తమ సరుకు మీద మాట సరిచూసుకోనివాళ్ళు లోపల తీగలు సరిచూసి ఉంటారా? తిరిగిచ్చేశాడు.

మధ్యాహ్నానికి కాళ్ళు పీకాయి. వీధి చివర పాత రేడియోలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. అందరూ మీటరు తాత అంటారు. సంగతంతా విని, ముందుగా కామాగారు వెంట తెచ్చిన ఇంటి ఛార్జర్‌ని ప్లగ్గులో పెట్టి మీటరు ముల్లు చూపించాడు.

"ఖాళీగా ఉంటే ఐదు చూపిస్తోంది కదా? ఇప్పుడు బరువు మోయిద్దాం."

దానికి కరెంటు లాగే తీగచుట్ట ఒకటి తగిలించగానే ముల్లు నాలుగు దాకా జారింది. తర్వాత తన దగ్గరున్న మూడు అడాప్టర్లు ఒక్కొక్కటే పెట్టాడు. మొదటిది జారింది. రెండోది జారలేదు గానీ కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. మూడోది కదల్లేదు. అరగంట అలాగే ఉంచారు. కామాగారు నిమిషానికోసారి వేలు ఆనించి చూశాడు. గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఎన్నిసార్లు ముట్టుకుంటారయ్యా, దానికి జ్వరమేం లేదు!" అన్నాడు తాత. "దీన్ని ఉయ్యాలకి దూరంగా, ఎత్తులో పెట్టండి. పక్కన గుడ్డలు ఆరెయ్యకండి. తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. సన్నటి తీగ దార్లోనే సగం తినేస్తుంది."

ఆ రోజు మూడోదాన్నే ఇంటికి తెచ్చి బిగించి, కామాగారు పాతికసార్లు "క్యార్" మన్నాడు. పాతికసార్లూ దీపం వెలిగింది. అయినా భార్య మిషను దగ్గరికి వెళ్ళలేదు. ఉయ్యాల పక్కనే కూర్చుని చేత్తో గుండీలు కుడుతోంది.

"బాగైంది కదా, ఇంకా భయమా?" అని అడిగాడు.

"దీపం వెలగకపోతే పిల్ల ఏడవట్లేదనుకుంటున్నాను. బోర్డు ఆగిపోయినా అలాగే ఉంటుంది. తేడా నాకెలా తెలుస్తుంది?"

ఇన్ని అనుమానాలు పడ్డ మనిషికి ఆ అనుమానం తట్టలేదు.

"బోర్డు మేలుకుని ఉన్నంతసేపూ ఇంకో చిన్న దీపం వెలుగుతూ ఉండాలి" అందామె. "అది ఆరితే నేనే లేచి వెళ్తాను."

ఆదివారం వదిన వచ్చి ఆ మాట విని, చెల్లెల్ని వీపు మీద ఒక్కటి చరిచి, పచ్చదీపం ఒకటి తగిలించింది.

పదిరోజుల తర్వాత ప్రెస్సులో మెషీన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఊరంతా కరెంటు పోయిందన్నారు. కామాగారు చేతిలో ప్రూఫులతోనే వీధిలోకి పరిగెత్తాడు. ఎవరెవర్ని గుద్దుకున్నాడో తెలియదు. ఇల్లు చేరేసరికి మిషను ముందు కుర్చీ ఖాళీగా ఉంది. లోపలి గదిలో, సగం కుట్టిన జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని, ఉయ్యాలకి ఆనుకుని కూర్చుంది భార్య. పిల్ల నిద్రపోతోంది.

"పచ్చది ఆరింది, వచ్చేశాను" అంది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "నీళ్ళు తాగండి ముందు. ప్రెస్సువాళ్ళ కాగితాలు అలా నలిపేశారేంటి?"

కరెంటు వచ్చి, పచ్చదీపం మళ్ళీ వెలిగేదాకా ఆయన కదల్లేదు. వెలిగాక అడాప్టర్‌ని ఒకసారి తాకి, ప్రూఫులు సాపు చేసుకుంటూ పనికి వెళ్ళాడు. దారిలో వెనక్కి తిరగలేదని ప్రెస్సు గుమ్మం ఎక్కాకే గమనించాడు.

ఏడాది తిరిగేసరికి పిల్ల తనే తప్పటడుగులతో వచ్చి తల్లి మోకాలు పట్టుకు లాగడం నేర్చింది. బోర్డు తీసేద్దామంటే, ఇంకో నెల ఉండనిమ్మని ఆయన, అక్కర్లేదని ఆమె. చివరికి ఆయన పనికి వెళ్ళినప్పుడు ఆమే మేకులు ఊడదీసి అక్కకి పంపేసింది. సాయంత్రం ఆయన ఖాళీ గోడని చూసి, పిల్లని ఎత్తుకున్నాడు.