తాళం ఎవరిదైతే గది వాళ్లది

ఆ క్యాంపస్‌లో ఏ గది ఎవరిదో తెలుసుకోవడానికి బోర్డులు చదవనక్కర్లేదు, తాళాలు చూస్తే చాలు. బోర్డు మీద సెమినార్ హాల్ అని ఉంటుంది. తాళం కామర్స్ వాళ్లది. లోపల విరిగిన బల్లలు, రెక్క ఊడిన ఫ్యాను, ఎవరూ తెరవని బీరువాలు. ఎవరైనా అడిగితే అది కామర్స్ గది, అడగకపోయినా కామర్స్ గదే. కామారెడ్డి ఊరి చివర ఈ యూనివర్సిటీ క్యాంపస్ వెలిసిన నాటి నుంచి నడుస్తున్న రాజ్యాంగం ఇది. పిల్లలు వరండాలో నిలబడి పాఠం వింటుంటారు, బీరువాలు నీడన పడుకుంటాయి. దీన్ని అక్కడెవరూ అన్యాయమనరు, డిపార్ట్‌మెంట్ గౌరవం అంటారు.

హమీదున్నీసాకు ఈ రాజ్యాంగం మీద గట్టి నమ్మకం. నిజానికి ఆమె నమ్మేది అదొక్కటే. రోజూ పొద్దున బస్సుకు ఎల్లారెడ్డి నుంచి వస్తుంది. అటెండర్ ఉద్యోగం. సెమినార్ హాల్ పక్కన ఉన్న ఆడపిల్లల గది ఆమె చేతిలో ఉంటుంది. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు అక్కడ సద్ది తింటారు, కడుపు నొప్పి రోజుల్లో చాప మీద కాసేపు ఒరుగుతారు. దోమకొండ నుంచి వచ్చే హుస్నాకు మధ్యలో పెళ్లయింది, బిడ్డ పుట్టింది. మధ్యాహ్నం వాళ్లమ్మ బిడ్డను తీసుకొస్తే ఆ గదిలోనే పాలు ఇస్తుంది. ఆ గది లేకపోతే హుస్నా చదువు లేదు. ఈ సంగతి ఏ సర్క్యులర్‌లోనూ లేదు, హమీదున్నీసాకు తెలుసు.

తాళం విలువ ఆమెకు అత్తగారిల్లు నేర్పింది. భర్త మస్కట్‌లో ఉన్న రోజుల్లో ఎల్లారెడ్డి ఇంట్లో ఆమెకూ ఒక గది ఉండేది. కాన్పుకు పుట్టింటికి పోతూ, ఇంట్లోవాళ్ల దగ్గర తాళమేమిటని తలుపు దగ్గరికి వేసి పోయింది. బిడ్డనెత్తుకొని తిరిగొచ్చేసరికి తలుపుకు మరిది తాళం, లోపల మరిది కుట్టుమిషన్లు. “సర్దుకపోవాలె బేటీ” అంది అత్త. ఆ మాట చెప్పేవాళ్లు సర్దుకుపోగా హమీదున్నీసా ఇంతవరకు చూడలేదు. భర్త తిరిగొచ్చి కిరాయి ఇల్లు తీసుకునేదాకా ఆమె వంటింట్లోనే పడుకుంది.

ఒకరోజు గేటు దగ్గర వాచ్‌మన్ బాలయ్య ఆమెను ఆపాడు.

“ఇన్నవా చెల్లె? కొత్త కోర్సు వస్తున్నదట, గదులు లెవ్వట. ఏది ఖాళీగున్నదో చూసెతందుకు కమిటీ వేసిండ్రు.”

“దొర్కినంక ఏం జేస్తరు?”

“గుంజుకుంటరు, ఇంకేంది.”

“మా రూము గూడనా?”

“మీ రూముకు బోర్డు లేదు, బీరువ లేదు, ఉత్త చాప. నేను కమిటీ అయితే మొదలు దాన్నే గుంజుకుంట.”

“నువ్వు కమిటీ గాలే గాబట్టే ఈ కాలేజి నిలవడ్డది బాలన్నా” అంది గానీ, ఆ రోజంతా ఆమె చూపు ఆ తలుపు మీదే ఉంది.

కమిటీ తరఫున వచ్చింది సుకన్య అనే కొత్త లెక్చరర్. చేతిలో ట్యాబ్ పట్టుకొని గది గదికీ తిరుగుతోంది. ఆమె వరండా మలుపు తిరగడం చూసి హమీదున్నీసా పిల్లలను క్యాంటీన్‌కు తరిమింది, చాప చుట్టి మూలకు పెట్టింది, తలుపుకు పెద్ద తాళం వేసింది. సుకన్య కిటికీలోంచి తొంగిచూసి, ట్యాబ్ మీద వేలితో ఏదో నొక్కి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకుంది హమీదున్నీసా.

అప్పుడే పక్కన ఒక వింత కనబడింది. సెమినార్ హాల్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కామర్స్ హెడ్ మల్లేష్ సారు విరిగిన బల్లల మధ్య పిల్లలను కూర్చోబెట్టి, గోడకు చేరవేసిన పాత బోర్డు మీద మహా శ్రద్ధగా ఏదో రాస్తున్నాడు. ఆ గదిలో మనిషి గొంతు ఆమె అదే మొదటిసారి వినడం.

మర్నాడు సుకన్య ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

“అక్కా, ఇది ఆడపిల్లల రూమంట గద. నిన్న తాళమెందుకుంది?”

“వాళ్లది గాబట్టే ఏసిన మేడం.”

“మేము తాళాలు చూస్తలేమక్కా, లోపల మనుషులున్నరా లేదా చూస్తున్నం. తాళమున్న గది ఖాళీ కింద పడ్డది. రేపు మళ్లొస్త, తెరిచిపెట్టు.”

తెరిచిపెట్టు. ఎంత మెత్తటి మాట! మరిది ఈ మాత్రం మాట కూడా అనలేదు. తెరిచాక లోపలికొస్తారు, చూసి పోతామంటారు, పోయేటప్పుడు వాళ్ల తాళం వేసుకుపోతారు. ‘నేనింత పిచ్చిదాన్నా?’ అనుకుంది హమీదున్నీసా.

మధ్యాహ్నం మల్లేష్ సారు పిలిచాడు.

“హమీదమ్మా, రా, కూసో. చాయ్ తాగు. ఆ పిల్ల మేడం మాటలు వట్టుకోకు. తాళం తియ్యనే తియ్యకు. ఏమన్నయితే నేనున్న గద.”

ఇన్నేళ్లలో ఆయన ఆమెను కూర్చోమనడం ఇదే మొదలు. చాయ్‌లో చక్కెర కూడా ఎక్కువే పడింది. ఆ తీపి దగ్గరే ఆమెకు అనుమానం ముదిరింది.

బిడ్డకు పాలిచ్చి బయటికొస్తున్న హుస్నాను ఆపింది. హుస్నా చదివేది కామర్సే.

“మొన్నటిదాక సామాన్లేసిన రూముల నిన్న మిమ్ములనెందుకు కూసోవెట్టిండు మీ సారు?”

“ఏమో ఖాలా. అందరు కిటికీలకెల్లి కనవడేటట్టు కూసోండ్రి అన్నడు. మేడం ఇట్ల పోయిందో లేదో, ఇగ లెవ్వుండ్రి అని తాళమేసిండు.”

హమీదున్నీసాకు ఇక చెప్పేవాళ్లు అక్కర్లేదు. తాళాలకు పెద్దదిక్కయిన మనిషి తన తాళం తాను తీసి, ఆమెను మాత్రం తియ్యొద్దంటున్నాడు. ఆడపిల్లల గది ఖాళీ అని పడితే, గోడకు అవతలివాడిగా మొదట చెయ్యి చాచేది ఆయనే. కాబట్టి తలుపు తెరవాల్సిందే. సుకన్య మాట మీద నమ్మకం కుదిరి కాదు, మల్లేష్ సారు స్వార్థం మీద నమ్మకం ఉండి. విశ్వాసం గొప్ప గుణమని చెప్పేవాళ్లు చెప్పనీ, ఆ రోజు పనికొచ్చింది అనుమానమే.

కానీ సాయంత్రం ఆమె బస్సెక్కాక? తెరిచిన తలుపు, అవతల సిద్ధంగా ఉన్న తాళం. మళ్లీ మరిది కథే. కాసేపు తలుపు వంక చూసి, స్క్రూడ్రైవర్ తెమ్మని బాలయ్యను పిలిచింది.

“గొళ్ళెం ఊడదియ్యన్నా.”

“ఏందీ? దొంగలొస్తె?”

“చాప ఎత్తుకపోతరు. రూము ఎత్తుకపోరు గద.”

బాలయ్య ఆమెను ఎగాదిగా చూసి, నవ్వాపుకొని పనిలోకి దిగాడు.

“లోపలి గడియ ముట్టకు” అంది. “పిల్లకు పాలియ్యాలె.”

మర్నాడు సుకన్య వచ్చేసరికి గడియ లోపలి నుంచి వేసి ఉంది. తలుపు తడితే “జర ఆగండ్రి” అని హుస్నా గొంతు. ఆగింది. తర్వాత లోపలికి పోతే చాప మీదా, కిటికీ గూట్లోనూ పిల్లలే, టిఫిన్ డబ్బాలే. వేలితో నొక్కింది.

“ఏం రాసిండ్రో జర సదివి చెప్పుండ్రి” అంది హమీదున్నీసా.

“విద్యార్థినుల విశ్రాంతి గది, వాడుకలో ఉంది.”

“ఇంకొక్కసారి.”

సుకన్య మళ్లీ చదివింది.

“పైకి పోయినంక మార్చరు గద?”

“మార్చరనే అనుకుంటున్నక్కా. పక్కా అని నేను చెప్పలేను.”

ఆ జవాబు హమీదున్నీసాకు నచ్చింది. మోసం చేసేవాళ్లు పక్కా అనే అంటారు.

సాయంత్రం మల్లేష్ సారు కొత్త తాళంతో వచ్చాడు. “రాత్రిపూట సేఫ్టీకి” అంటూ తలుపు మీదికి చెయ్యి చాచాడు. చెక్క మీద స్క్రూల రంధ్రాలే తగిలాయి.

“గొళ్ళెమేదమ్మా?”

“తుప్పు వట్టింది సారు. తీసేయించిన.”

“మరి తాళమెట్ల?”

“ఎవ్వలం ఎయ్యలేం సారు” అంది, ‘ఎవ్వలం’ అన్న మాట కాస్త సాగదీసి.

ఆయన కొత్త తాళాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆమెకు బస్సు టైమయింది. ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక సంచిలో చెయ్యి పెట్టి తడుముకుంది. గొళ్ళెం, కొక్కెం, స్క్రూలు అన్నీ ఉన్నాయి. బాలయ్య మంచివాడే. అయినా అక్కడ వదిలేస్తే ఎవరో ఒకరు మళ్లీ బిగిస్తారు.