తాబేళ్లు ఇంకా ఉన్నాయి, మా అత్త లేదు

మా మేనత్త దినవారాలు పూర్తికాకముందే ఆవిడ కట్టిన కంచె పీకేశారు. గుండె ఆగి పోయింది ఆవిడ. భావనపాడు దాటాక మా ఊరి ఒడ్డున, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసక చుట్టూ సరుగుడు కర్రలు పాతి, పాత వలలు చుట్టి కట్టిన కంచె అది. కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వి తినకుండా. ఇప్పుడక్కడ పడవలు లాగి పెట్టారు. ఎందుకు పీకారని అడిగితే మా జాలర్ల సంఘం పెద్ద ఒకాయన నవ్వాడు.

"తాబేళ్లు అంతరించిపోనాయి కదరా. ఈ ఏడు ఒక్కటైనా ఒడ్డెక్కినాదా? ఖాళీ ఇసకకి కాపలా ఏటి?"

ఈ మాట మా అత్త చెవిన పడి ఉంటే ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లేవాడు కాదు.

అత్త ఎండుచేపలు అమ్మేది. అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. కుళాయి దగ్గర ఆవిడ నోటికి జడిసి బిందెలు వెనక్కి జరిగేవి. పీతల కూర వండితే గిన్నె అడుగున మాకు పులుసే మిగిలేది. దేవతేం కాదు. కానీ కంచె దగ్గరికి రాగానే చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకునేది. "పురిటిల్లురా అల్లుడా, ఇక్కడ పొగేటి?" అనేది.

పిల్లలు గుడ్లలోంచి బయటపడే రోజుల్లో పొద్దున్నే గంప దించి వాటి వెంట నడిచేది. ఒకటి దారి తప్పితే మొదలయ్యేవి తిట్లు. "ఒసే, అటెక్కడికే? తోటలోకెల్తే మీయమ్మ కనబడతాదేటి? సముద్రం ఇటున్నాది, సూడు!" చేత్తో తాకేది కాదు. చీర కుచ్చిళ్లు అడ్డం పెట్టి మళ్లించేది.

వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి, దండం పెట్టి వదిలేయడం మా వాళ్ల ఆచారం. మంచిదే. కానీ పెద్ద మరబోట్ల వలల్లో ఊపిరాడక చచ్చి ఒడ్డుకొచ్చిన వాటికీ బొట్టు పెట్టి, పుణ్యం వచ్చేసిందని ఇళ్లకు పోతారు. ఒక ఏడు అలా చచ్చినవి వరసగా ఒడ్డున పడ్డాయి. టీ కొట్టు దగ్గర మా బావ ధీమాగా అన్నాడు: "ఇన్ని సచ్చి వచ్చినాయంటే లోపల ఇంకెన్నున్నాయో సూడండి!" అందరూ తలూపారు. నేనూ ఊపాను.

అత్త గంప నెత్తిన ఉండగానే ఆగింది. "ఒరే, వల్లకాట్లో కట్టెలు బాగా కాల్తన్నాయని, ఊర్లో జనం పెరిగినారంటావేట్రా?"

బావ టీ డబ్బులు బల్ల మీద పెట్టి లేచాడు.

నేను పదితో చదువు ఆపి ఐసు మోసే పనిలో చేరాను. ఆ రోజు నుంచే ఫోన్లో దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాను. ఒకసారి అత్త చూరులోంచి మా తాత పట్టిన రంపపు చేప ముక్కు తీసి నా ముందు పెట్టింది. మూరెడు పొడుగు, రెండు వైపులా పళ్లు.

"నీవెప్పుడైనా సూసినావేట్రా ఈ సేపని?"

"నేదత్తా."

"నేను సూసినాను. ఇప్పుడు నేదు. అంతరించిపోడమంటే అదీ."

"కాదత్తా. మన ఒడ్డున కనబడకపోతే మనకి లేదంతే. ప్రపంచంలో ఎక్కడా ఒక్కటి కూడా బతికి లేకపోతేనే అంతరించింది అంటారు. ఇది వేరే దేశాల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నాది."

కోప్పడుతుందనుకున్నాను. ముఖం వెలిగిపోయింది. "ఉన్నాదేటి! ఏటి తింటాదట? పిల్లల్ని పెడతాదా?" అని సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. లేచి వెళ్తుంటే అంది: "అయితే ఇనుకో. పోనాదానికి ఏడుపు సాలు. ఉన్నాదానికి సాకిరీ సెయ్యాలి."

ఈ తేడా నేను తర్వాత ఎన్ని చోట్ల చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ముప్పులో ఉన్న జీవి అంటే ఇంకా మన చేతిలో పని ఉందని. ఆ పని తప్పించుకోవడానికి మా ఊరికి రెండు మాటలు దొరికాయి. నిన్నటిదాకా "బోలెడున్నాయి" అన్నారు. ఇవాళ "అయిపోయాయి" అంటున్నారు. మధ్యలో ఒక్క రోజు కూడా "తగ్గిపోతున్నాయి, చూద్దాం" అనలేదు. ఆ మాట అన్నది అత్త ఒక్కతే. ఆవిడని మట్టిలో పెట్టి వచ్చాం.

నిన్న తెల్లవారి ఐసు దించి అటు వెళ్లాను. తడి ఇసక మీద తాబేలు జాడ ఉంది, చిన్న ట్రాక్టరు చక్రం ఎక్కినట్టు. నీళ్లలోంచి పైకి వచ్చింది. పడవ అడుగున కాస్త ఇసక గీరింది. చోటు చాలక వెనక్కి తిరిగి సముద్రంలోకి పోయింది. గుడ్లు లేవు. నేను చూస్తుండగానే అల వచ్చి సగం జాడ చెరిపింది. మిగతా సగం పడవ నీడలో అలాగే ఉంది.

గుడ్లు కడుపులో మోస్తున్న తల్లి ఎక్కువ రోజులు ఆగదు. మళ్లీ ఎక్కుతుంది. సంఘం పెద్దలారా, ఆ పడవలు తీయండి. కంచె కట్టండి, కర్రలు నేను మోస్తాను. గుడ్ల కాలం అయ్యేదాకా మరబోట్లు ఒడ్డు పక్కన వల లాగకుండా ఆపండి. చేస్తారో చెయ్యరో ఈ ఆదివారం పొద్దు గూకేలోపు, ఆ ఇసక మీదికొచ్చి నా ముఖం చూసి చెప్పండి.