జెజుల్కా గారి మూడు మార్కులు

మా మున్సిపల్ ఆఫీసులో సర్వేలు లెక్కగట్టే ఒటాకర్ జెజుల్కా గారు లోకంలో దేనికైనా సరే, ఐదుకి మూడే వేస్తారు. వర్షానికి మూడు, బీరుకి మూడు. మా ఊరి హాకీ జట్టు గెలిచినా మూడే, చిత్తుగా ఓడినా మూడే. ఆయన తన పెళ్ళికి కూడా మూడే వేశారని భార్య మార్కేతా గారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. "ఇన్నేళ్ళయినా మార్కు తగ్గలేదు, అదే పదివేలు," అని ఆవిడ తృప్తి.

తను వేసేది మూడే అయినా ఎదుటివాళ్ళ దగ్గర అంకె రాబట్టకుండా మాత్రం వదలరు. ఒకసారి నేను సెలవు అడగబోయాను.

"తల పగిలిపోతోందండీ, ఇంటికెళ్తాను."

"ఒకటి నుంచి ఐదు లోపల ఎంత?"

"నాలుగు."

"నిన్న ఎంత?"

"నిన్న అసలు లేదండీ."

"లేకపోతే ఒకటి. మన కొలతలో సున్నా లేదమ్మాయ్. సగటు రెండున్నర. దీనికి సెలవెందుకు? కూర్చో."

ఆయన పక్క బల్లే నాది. లైబ్రరీ మీదో ఈతకొలను మీదో జనం నింపి పంపిన సర్వే కాగితాల్లో అంకెలు ఆయన పైకి చదువుతారు, నేను కంప్యూటర్లో ఎక్కిస్తాను. మూడుకీ నాలుగుకీ మధ్య ఎవరైనా సున్నా చుడితే ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, భూతద్దం పెట్టి, సున్నా ఎటు ఒరిగిందో తేల్చేదాకా కాఫీ కూడా ముట్టరు. ఈలోగా నేను స్వెట్టరు చెయ్యి ఒకటి అల్లేయొచ్చు.

ఇంకో పిచ్చి కూడా ఉంది. ఏ సర్వే అయినా సరే, ఆఖరి ప్రశ్న ఆయనదే: 'స్టేషన్ వీధి రోడ్డు ఎలా ఉంది?' కుక్కల లైసెన్సుల సర్వేలో కూడా ఇరికించారు.

"కుక్కలకీ రోడ్డుకీ ఏమిటండీ సంబంధం?" అన్నాను.

"తక్కెడ సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తావు? బరువు ముందే తెలిసిన రాయి పెట్టి చూస్తావు. ఆ రోడ్డు సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. అదే మన రాయి."

తెలియకేం! ఆ వీధిలో బస్సెక్కేముందు మా ముసలాళ్ళు కట్టుడు పళ్ళు తీసి జేబులో పెట్టుకుంటారు. గుంతల్లో బాతులు కాపురం పెట్టాయి. అయినా విచిత్రం, సర్వేల్లో ఆ రోడ్డుకి ఎప్పుడూ నాలుగున్నరకి తక్కువ రాదు. మేయర్ హుర్దాలెక్ గారు ఆ అంకెను ఊరి పత్రికలో పెద్దక్షరాలతో వేయించుకునేవారు. 'ఈ అంకెను నమ్మవద్దు' అని జెజుల్కా గారు కింద ప్రతిసారీ రాసేవారు. మేయరుగారు అంకె దగ్గరే ఆగిపోయేవారు.

మధ్యాహ్నం పూట జెజుల్కా గారి భోజనం పింఛనుదార్ల క్యాంటీనులో. వంట వ్లాస్తా గారిది. ఆవిడకి ఆ వంటిల్లే ఇల్లు, వచ్చిన ముసలాళ్ళే బంధువులు. సూపు గిన్నె ముందు పెట్టి రోజూ అడిగేవారు:

"ఇవాళెంత?"

"మూడు."

"ఆ నోట్లో ఉన్నది నాలుకా, చెక్కముక్కా?"

బుధవారం మాత్రం ఆవిడకి ఆయనతో పేచీ ఉండదు. బుధవారం సోయికూర సాసు. మీగడలో ఉడికిన సోయికూర, మధ్యలో ఉడికించిన గుడ్డు. ఆ వాసనకి సగం మంది వీధి మలుపులోనే వెనక్కి తిరుగుతారు. తిన్నవాళ్ళు కూడా రెండోసారి అడగరు. జెజుల్కా గారొక్కరే పళ్ళెం చాపి, "ఇంకొంచెం," అంటారు. "నోరు మూడంటుంది, పళ్ళెం నిజం చెబుతుంది," అని ఆవిడ ఆ పూటంతా సంబరపడేవారు.

అలాంటి క్యాంటీనుని ఎత్తేసి, పట్నం నుంచి మూతలు అతికించిన డబ్బాల్లో భోజనం తెప్పించాలని మేయరుగారికి బుద్ధి పుట్టింది. సర్వే చేయించారు. ఐదుకి మూడు దాటితే వంటిల్లు ఉంటుంది, తగ్గితే తాళం. కాగితాలన్నీ ఎక్కించి సగటు తీశాను. ఒకటి పాయింట్ ఆరు. మళ్ళీ కూడి చూశాను, అదే వచ్చింది. జెజుల్కా గారు మాత్రం, "ఆఖరి ప్రశ్న సగటెంత?" అన్నారు.

"నాలుగు పాయింట్ ఆరు."

"ఓహో," అని కాగితాల కట్ట మళ్ళీ మొదటినుంచీ విప్పారు.

అంతలో ఎవరు చెప్పారో, వ్లాస్తా గారు ఏప్రన్ కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చారు. చేతిలో రేగుపళ్ళంత గసగసాల కేకు ముక్కలున్న పెద్ద పళ్ళెం.

"ఒకటి పాయింట్ ఆరట కదా! బడిలో నాకెప్పుడైనా వచ్చిందా అంత మంచి మార్కు! లెక్కల్లో నాలుగూ ఐదులే. మా అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో! తినండి, తినండి."

మా దేశంలో బడిలో ఒకటంటే అందరికన్నా మంచి మార్కు, ఐదంటే తప్పినట్టు. నా కేకు ముక్కని కంప్యూటరు పక్కన పెట్టేశాను. సర్వేలో లెక్క తిరగేసి ఉంటుందనీ, ఐదే మంచిదనీ ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. జెజుల్కా గారు కేకు నమిలి, "మూడు," అని, ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగారు.

"చూశావా? వండినావిడే అలా అనుకుంటే, తిన్నవాళ్ళు ఎలా అనుకుని ఉంటారు?"

మర్నాడు కౌన్సిలు మీటింగు. మేయరుగారు లేచి, "ఒకటి పాయింట్ ఆరు. ప్రజల తీర్పు మనం కాదనలేం. తాళం," అన్నారు. వెనక వరసలో కూర్చున్న వ్లాస్తా గారికి అప్పుడు అర్థమైంది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

జెజుల్కా గారు లేచారు.

"అయ్యా, ఆఖరి ప్రశ్న చూశారా? స్టేషన్ రోడ్డు?"

"చూడకేం! నాలుగు పాయింట్ ఆరు. పత్రికకి పంపించేశాను కూడా."

"మంచిది. ఇవాళ మీటింగుకి దేనిమీద వచ్చారు?"

"నడిచి వచ్చాను. అయితే?"

"కారు ఏమైందండీ?"

మేయరుగారు మంచినీళ్ళు తాగారు. వెనకనుంచి ఎవరో, "స్టేషన్ రోడ్డులో చక్రం ఊడొచ్చింది!" అని అరిచారు. హాలంతా గొల్లుమంది.

"మరి జనం ఆ రోడ్డుకి ఐదులెందుకు వేశారు?" అన్నారు జెజుల్కా గారు. "పైన చిన్నక్షరాల్లో 'ఐదంటే చాలా బాగుంది' అని మనం రాసింది మన ముసలాళ్ళు చదవలేదు. బడి మార్కులు వేశారు. రోడ్డుకి ఐదు వేసిన చెయ్యే వంటకి ఒకటి వేసింది. చదివి వేసినవాళ్ళు ఏ కొద్దిమందో ఉన్నారు. వాళ్ళు రోడ్డుకి ఒకటీ, వంటకి ఐదూ వేశారు. వాళ్ళవి అలాగే ఉంచి, మిగతా కాగితాలు తిప్పాను. ఒకటిని ఐదు చేశాను, రెండుని నాలుగు చేశాను. వంటకి నాలుగు పాయింట్ ఆరు వచ్చింది."

"అలా అయితే సరే," అన్నారు మేయరుగారు, జనం మొహాలు చూసి. "వంటిల్లు ఉంచుదాం."

"రోడ్డుకి ఒకటి పాయింట్ రెండు."

మేయరుగారు దగ్గారు. "జెజుల్కా, వంటవి తిప్పు. రోడ్డువి అలాగే ఉండనీ."

"రెండూ ఒకే కాగితం మీదున్నాయి కదండీ. సగం కాగితం తిప్పడం నాకు చేతకాదు. తిప్పితే రెండూ తిప్పాలి. లేదంటే వంట చెత్తగా ఉంది, రోడ్డు అద్దంలా ఉందని పత్రికలో వేయించండి. చదివినవాళ్ళంతా రేపు మీ కారు చూడ్డానికొస్తారు."

ఓటింగు పెడితే కౌన్సిలు వాళ్ళందరూ వంటింటి వైపే చేతులెత్తారు. వంటిల్లు నిలిచింది. ఆ వారంలోనే స్టేషన్ వీధిలోకి తారు డబ్బాలు దిగాయి, బాతులు కాపురం మార్చుకున్నాయి.

బయటికి వస్తూ, ఎన్నాళ్ళనుంచో మనసులో ఉన్నది అడిగేశాను. "అన్నిటికీ మూడే ఎందుకండీ?"

"ఒకరు సగటుకి పైన ఉండాలంటే ఇంకొకరు కింద ఉండాలి కదమ్మాయ్. నేను ఒకరికి ఎక్కువ వేశాననుకో, ఎవరో ఒకరు కిందికి పోతారు. చిన్న ఊరు. ఆ కిందికి పోయినవాడు రేపు పొద్దున్నే నాకే ఎదురొస్తాడు. అందరికీ మూడు వేస్తే కింద ఎవరూ ఉండరు."

ఇన్నాళ్ళూ ఆయన్ని పిసినారి అనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

బుధవారం ఇద్దరం క్యాంటీనుకి వెళ్ళాం. వ్లాస్తా గారు గరిటె పట్టుకుని ఎదురొచ్చారు.

"జెజుల్కా గారూ, మీ రుణం ఎలా తీర్చుకోనూ? ఒక నిర్ణయానికొచ్చా. ఇకనుంచి సోయికూర సాసు వారానికి రెండుసార్లు! బుధవారం, శుక్రవారం. అచ్చంగా మీకోసం!"

జెజుల్కా గారి మొహం ఉడికించిన గుడ్డులా తెల్లబడింది. ఆవిడ గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళగానే నా చెవి దగ్గరికి వంగారు.

"సోయికూర వాసనంటేనే నాకు కడుపులో తిప్పుతుందమ్మాయ్. చిన్నప్పటినుంచీ అంతే."

"మరి ఏళ్ళ తరబడి రెండోసారి వడ్డించుకుంటున్నారు కదండీ!"

"మిగతా రోజుల్లో అందరూ అడుగుతారు. బుధవారం ఎవరూ అడగరు. ఆవిడ గరిటె పట్టుకుని అలా అందరి పళ్ళాల వంకా చూస్తూ నిలబడతారు. నేను చూడలేను."

వ్లాస్తా గారు వచ్చి, పళ్ళెం నిండా వడ్డించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆయన తల వంచుకుని, ఊపిరి బిగబట్టి, ఆఖరి ఆకు దాకా తిన్నారు.

"ఇవాళైనా నిజం చెప్పండి. ఎంత?"

జెజుల్కా గారు ఆవిడ మొహంలోకి చూశారు. చెంచా కింద పెట్టారు.

"ఒకటి. బడి మార్కు."

వ్లాస్తా గారు ఏప్రన్ కొంగుతో కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి పరుగెత్తారు, అక్కడున్న వాళ్ళందరికీ చెప్పడానికి.

"ఇన్నేళ్ళ మీ లెక్క పాడైపోయింది కదండీ," అన్నాను.

"ఎప్పుడో ఒక అంకె మిగతావాటికి దూరంగా వెళ్ళి పడుతుందమ్మాయ్. అలాంటిదాన్ని లెక్కలోంచి తీసేస్తాం," అని, వంటింటి వైపు తిరిగి ఖాళీ పళ్ళెం చాపారు. "వ్లాస్తా గారూ, ఇంకొంచెం!"