నెవెంకా గుమ్మడికి క్లెమ్ మోసిన నీళ్లు

వాలూరా ఊరి పంటల పోటీలో ఒక ఏడాది మొదటి బహుమతి వేడినీళ్ల ట్యాంకు కొట్టేసింది. సరే, నీలం రిబ్బను కట్టింది గుమ్మడికాయకే. కానీ ఆ కాయ తాగిన నీళ్లన్నీ ట్యాంకువే కాబట్టి సగం రిబ్బనైనా దానికి దక్కాల్సింది.

అది నీళ్ల ఆంక్షల వేసవి. తోటకు కుళాయి తిప్పితే జరిమానా. ప్లంబర్ క్లెమ్ ట్రెగెన్‌జా పక్కింట్లో డెబ్బై దాటిన నెవెంకా ఒక్కతే ఉండేది. ఆవిడ పడగ్గది గోడకు బయటివైపు ఆనుకుని, కరెంటుతో కాగే ఆ ట్యాంకు. రాత్రి నీళ్లు కాగి పొంగినప్పుడల్లా వాల్వు తెరుచుకుని, ఎక్కువైన నీళ్లను రాగి గొట్టంలోకి వదిలేది. తెల్లారేసరికి గోడ కింద బక్కెట్టెడు నీళ్లు మట్టిపాలు.

"ఆ నీళ్లు నా గుమ్మడికి మళ్లిస్తే నీదేం పోయిందయ్యా?" అంది నెవెంకా.

"ఆ గొట్టానికి ఏమీ తగిలించకూడదమ్మా."

"మొక్క చచ్చిపోతోంది. నీ నిబంధనలు దానికే చదివి వినిపించు."

ఆకులు నిజంగానే వడలి వేలాడుతున్నాయి. క్లెమ్ మనసు కరిగింది. రాగి గొట్టానికి తోట పైపు తొడిగి, ఊడిపోకుండా గట్టిగా బిగించి, రెండో కొస గుమ్మడి పాదులో పెట్టాడు. ఆ గొట్టం మూతి ఎప్పుడూ తెరిచే ఉండాలి, కిందికే చూడాలి, కంటికి కనబడాలి. ఊరందరికీ అతను చెప్పే పాఠమే అది.

మొక్క అల్లుకుంది, కాయ ఊరింది. ఒక ఉదయం క్లెమ్ కాయను చూద్దామని వెళ్లి పైపు మీద చెయ్యి వేశాడు. అది కర్రలా బిగుసుకుపోయి ఉంది. కొసన ఇత్తడి కుళాయి, గట్టిగా మూసేసి.

"రాత్రి ఊరికే పోతున్నాయని పెట్టాను. పొద్దున్నే తిప్పుకుంటాను," అంది ఆవిడ గర్వంగా.

క్లెమ్ పరుగెత్తి ట్యాంకుకు కరెంటు ఆపాడు. తర్వాత కుళాయి కొంచెం కొంచెంగా తిప్పాడు. పొగలు కక్కుతూ నీళ్లు చిమ్మాయి. ట్యాంకు ఊపిరి తీసుకునే ఒక్క దారినీ మూసేశారు. అది పగిలితే పోయేది గోడ ఒక్కటే కాదు, ఆ గోడ పక్కన తలపెట్టి పడుకునే మనిషి కూడా.

విషయం విని నెవెంకా మంచం మీద కూలబడింది. "కుళాయి పెట్టింది నేనే కదా. ముసలిదాని తెలివి చూశావా!"

నాది తప్పు అనడానికి క్లెమ్ నోరు తెరిచాడు. తీరా "వాల్వు చూడాలమ్మా," అని బయటికి నడిచాడు. తోట పైపు పీకేసి, వాల్వు పాడవలేదని చూసి, రాగి గొట్టం కింద, దాని మూతి మునగకుండా ఎడం ఉంచి బక్కెట్టు పెట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే కంచె దూకి, ఆ చల్లారిన నీళ్లు తనే మోసి గుమ్మడికి పోశాడు.

"పక్కింటికి నీళ్లా? మన కుండీల వైపు ఎప్పుడైనా చూశావా?" అంది భార్య బెరిల్.

"పాపం, ఆవిడకి నడుం నొప్పి."

"ఆవిడ నిన్న కంచెకు రంగు వేసుకుంది!"

పోటీ రోజున రిబ్బను కట్టగానే నెవెంకా అందరి ముందూ క్లెమ్ భుజం తట్టింది. "నా బుద్ధితక్కువ పనికి చచ్చేదాన్నే. ఈ బంగారు తండ్రి కాపాడాడు!"

జనం చప్పట్లు కొట్టారు. ఒక్కో చప్పుడూ చెంపదెబ్బలా తగిలింది అతనికి.

"కుళాయి ఒక్కటే ఆవిడది," అన్నాడు. "పైపు బిగించింది నేను. కూడదని తెలిసీ బిగించాను. చచ్చి ఉంటే నా వల్లే."

చప్పట్లు ఆగిపోయాయి.

"తెలుసులేవయ్యా," అంది నెవెంకా. "ఏ తప్పూ చెయ్యనివాడు అన్నాళ్లు బక్కెట్టు మోస్తాడా? రేపటి నుంచి టమాటాలకు నీళ్లు పొయ్యి."

ఇప్పుడు ఊరి క్లబ్బులో ఎవరైనా ఈ కథ ఎత్తి ఆటపట్టిస్తే క్లెమ్ గ్లాసు కింద పెట్టి ఒకటే మాట అంటాడు: "అంతా అబద్ధం. నేను పైపు బిగించలేదు, బక్కెట్టు ముట్టలేదు. నెవెంకా జన్మలో గుమ్మడి వెయ్యలేదు."